హోగెవైక్

నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉన్న వేస్ప్ పట్టణంలోని నర్సింగ్ హోమ్. 'డిమెన్షియా ఊరు'గా పేరుపడింది. ఈ మతిమరుపు జబ్బు బాగా ముదిరి, రాత్రింబవళ్లు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సినవాళ్లనే ఇక్కడ చేర్చుకుంటారు.

దీని ముందు రూపం ఆస్పత్రిని తలపించే ఓ మామూలు నర్సింగ్ హోమ్. అక్కడ పనిచేసిన ఇవోన్ ఫాన్ ఆమెరోంగెన్ తండ్రి గుండెపోటుతో పోయారు. ఆ కబురు వినగానే, 'నర్సింగ్ హోమ్‌లో పడే గతి నాన్నకు పట్టలేదు, నయమే' అనిపించిందని ఆమె తర్వాత చెప్పుకున్నారు. 1990ల మొదట్లో తోటి ఉద్యోగులతో కలిసి ఆమె మొదలుపెట్టిన మార్పులకు ఆ మాటే మూలం.

కొత్త ప్రాంగణం 2009లో పూర్తయింది. మొదట 23 ఇళ్లు, ఇంటికి ఆరేడుగురు. ఎవరు ఎలాంటి బతుకు బతికారో చూసి ఇల్లు కేటాయించారు. ఇండోనేషియాతో అనుబంధం ఉన్నవాళ్లకు ఆ వంటలు, ఆ వాతావరణం ఉన్న ఇల్లు. వంట ఏ ఇంట్లోది ఆ ఇంట్లోనే. సిబ్బందికి యూనిఫాం ఉండదు. తలుపు తీస్తే వీధి: సూపర్ మార్కెట్, కెఫే, థియేటర్. మీట నొక్కాలన్న సంగతి మరిచిపోయినవాళ్లు ఎదురుగా నిలబడితే చాలు, లిఫ్ట్ తనంతట తనే తెరుచుకుంటుంది.

అయితే ఊరు దాటి పోవడానికి దారి ఒక్కటే, అక్కడ కాపలా ఉంటుంది. చుట్టూ కట్టిన ఇళ్లే ప్రహరీ. తాళం పోలేదు, గది తలుపు నుంచి ఊరి పొలిమేరకు జరిగిందంతే. ఇదంతా సినిమా సెట్టింగు, ముసలివాళ్లను మభ్యపెట్టడమేనని విమర్శ ఉంది. అది పూర్తిగా న్యాయం కాదు. ఇక్కడి కొట్టులో నిజంగానే సరుకులు దొరుకుతాయి. ఆ నింద జర్మనీలో కొన్ని హోమ్‌ల ముందు పెట్టిన, ఏ బస్సూ రాని బస్ స్టాపులకే ఎక్కువ తగులుతుంది.

ఇక తాళం సంగతికొస్తే, నెదర్లాండ్స్‌లో 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, మనిషి ఇష్టానికి విరుద్ధంగా కదలికలను కట్టడి చేయడం చిట్టచివరి మార్గం మాత్రమే. ముందు ప్రత్యామ్నాయాలు వెతకాలి. కొన్ని డచ్ హోమ్‌లలో ఇప్పుడు చేతిపట్టీలోని చిప్‌ను బట్టి తలుపులు తెరుచుకుంటాయి: ఒకరికి తోట వరకు, ఇంకొకరికి వీధి వరకు.