ఆ శీర్షిక డైక్‌స్ట్రాది కాదు

గోటూ వాడకూడదని మనలో చాలామందికి సీ నేర్చుకునేటప్పుడే చెప్పేసుంటారు. ఎందుకండీ అంటే "డైక్‌స్ట్రా చెప్పాడు" అంటారు. కానీ ఆయన పేరు మీద అందరూ వల్లెవేసే "గోటూ స్టేట్‌మెంట్ కన్సిడర్డ్ హార్మ్‌ఫుల్" అన్న శీర్షిక ఆయన పెట్టింది కాదు.

ఆయన రాసిన వ్యాసం అసలు పేరు "ఎ కేస్ అగైనెస్ట్ ది గోటూ స్టేట్‌మెంట్". 1968 మార్చిలో ఏసీఎం వారి కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. త్వరగా అచ్చేయాలని ఎడిటర్ దాన్ని సంపాదకుడికి లేఖగా మార్చి, కొత్త పేరు తనే తగిలించాడు. ఆ ఎడిటర్ ఎవరో కాదు, తర్వాత పాస్కల్ భాష తయారుచేసిన నిక్లాస్ విర్త్.

పేరు మారితే ఏం పోయింది అంటారా? మొదటిది వాదన, రెండోది తీర్పు. వాదనైతే చదివి జవాబు చెప్తాం. తీర్పైతే పాటిస్తాం, లేదా తిట్టుకుంటాం. లోపల కూడా ఆయనేం మెత్తగా రాయలేదు, పైస్థాయి భాషల్లోంచి గోటూని తీసేయాలనే అన్నారు. కాకపోతే కారణం చెప్పారు: గోటూ ఇష్టమొచ్చినట్టు వాడితే, నడుస్తున్న ప్రోగ్రాం ఎక్కడిదాకా వచ్చిందో కోడ్ చూసి చెప్పడం కష్టమని. శీర్షికలో ఆ కారణం లేదు. తన వ్యాసాన్ని ఉదహరించిన చాలామంది శీర్షిక దాటి చదవలేదని 2001లో ఆయనే వాపోయారు.

కొత్త పేరు వల్ల దానికి బోలెడు ప్రచారం వచ్చిందన్నదీ నిజమే. నా మటుకు, ఎడిటర్ శీర్షిక మార్చొచ్చు, కానీ రచయిత సరేనన్నాకే, పాత పేరు కూడా పక్కన వేసి. వేరేవాళ్ళ ఫంక్షన్ పేరు మనం మారిస్తే కమిట్ లాగ్‌లో మన పేరు పడుతుంది. ఈ శీర్షికకి మాత్రం యాభై ఏళ్ళకి పైగా మెచ్చుకోళ్ళూ తిట్లూ డైక్‌స్ట్రాకే పడుతున్నాయి.