ముందు వరుసవాడు: డగ్లస్ క్లార్కు

పందెము జరిగిన మరునాడు పత్రిక తెరచి చూచువారికి మొదట కనబడునది గెలుపోటముల లెక్క. దాని క్రింద పాయింట్లు సంపాదించినవారి పేర్లుండును. రగ్బీ ఆటలో ఆ పేర్లు చాలవరకు వెనుక నిలిచి, బంతి చేతికందినంతనే మెరుపువలె పరుగెత్తువారివి. ముందు వరుసలో తలలు వంచి, భుజములు జోడించి, ఎదుటివారిని నెట్టుచు, క్రిందపడి లేచుచు, ఆ బంతిని వెనుకకందించువారి పేర్లు అరుదుగా కనబడును. వీరిని ఫార్వర్డులందురు. అట్టి ఫార్వర్డులలో ఒకడైన డగ్లస్ క్లార్కు చరిత్రను చెప్పదలచితిమి. ఇంగ్లండు ఉత్తరభాగమున బొగ్గు బస్తాలు మోసి పెరిగిన ఇతడు 1909 మొదలు 1929 వరకు హడర్స్‌ఫీల్డు పట్టణపు జట్టువాడుగనే యుండెను. ఇరువది యేండ్లలో ఇతడు చేసిన పనియందు హెచ్చుపాలు ఏ పట్టికలోను చేరలేదు.

శ్రోతలలో రగ్బీ చూచినవారు కొలదిమందియే యుందురు. అయినను చెడుగుడు ఎరిగినవారికి దాని స్వభావము కొంత తెలిసినట్లే. కూతకు వచ్చినవానిని పట్టి నిలుపుట చెడుగుడులో ఎట్లో, బంతి పట్టుకొని వచ్చువానిని పట్టి పడవేయుట రగ్బీలో అట్లు. కోడిగ్రుడ్డువలె కోలగా నుండు బంతిని చేతబట్టి పరుగెత్తి, ఎదుటివారి గీత దాటి నేలకానించినచో దానిని ‘ట్రై’ అందురు. క్లార్కు కాలమున ట్రైకి 3 పాయింట్లు. బంతిని కాలితో తన్ని గోలు స్తంభముల నడుమ అడ్డుకర్ర మీదుగా పంపినచో 2 పాయింట్లు. చేతితో బంతిని ముందుకు విసరరాదు, వెనుకనున్నవానికే అందింపవలెను. ఎదుటివారి బలమును తమ మీదికి లాగుకొని, వెనుకవారికి ఎడము కల్పించుట ఫార్వర్డుల పని.

ఈ ఆటలో యూనియను, లీగు అని రెండు శాఖలున్నవి. అవి విడిపోవుటకు కారణము కూలి. 19వ శతాబ్ది చివర యార్క్‌షైరు, లాంకషైరు మండలములలో రగ్బీ ఆడువారు చాలవరకు మిల్లులలోను గనులలోను పనిచేయువారు. శనివారము పందెమునకు పోవలెనన్న పని మానవలెను. పని మానినచో కూలి పోవును. ఆ పోయిన కూలినైనను ఇచ్చుకొననిండని ఉత్తరాది సంఘములు కోరగా, 1893లో లండనున జరిగిన రగ్బీ యూనియను సభలో ఆ కోరికకు అనుకూలముగా 136 ఓట్లు, ప్రతికూలముగా 282 ఓట్లు వచ్చినవి. డబ్బు పుచ్చుకొని ఆడుట పెద్దమనుష్యుల లక్షణము కాదని వారి వాదము. ఒకనాటి కూలి పోయినను పొయ్యిలోని పిల్లిని లేపగలవారికి ఆ వాదము సులభమే.

1895 ఆగస్టు 29వ తేదీన ఉత్తరాది సంఘములు హడర్స్‌ఫీల్డులోని జార్జి హోటలున సమావేశమై నార్తరన్ యూనియను అను వేరు సంస్థను స్థాపించుకొనెను. పోయిన పనికి దినమునకు 6 షిల్లింగులు మించకుండ ఇచ్చుటకు అనుమతి ఏర్పడినది. 1898లో బహిరంగముగా జీతమిచ్చుటకును అంగీకరించిరి. కాని ఆటగానికి నికరమైన వేరొక వృత్తి ఉండితీరవలెనని షరతు పెట్టిరి. మద్యశాలలో వడ్డించుట, బిలియర్డు బల్లవద్ద లెక్క పెట్టుట వంటివి ఆ లెక్కలోనికి రావనిరి. యూనియనువారి పెద్దరికమునకు తాము తీసిపోలేదని చూపుకొనుటకే ఈ షరతు పెట్టిరని మాకు తోచుచున్నది. 1905లో దానిని తొలగించిరి. షరతు తొలగినను ఆటగాండ్రు పని మానలేదు. ఆటవలన వచ్చు సొమ్ము ఇల్లు గడచుటకు చాలెడిది కాదు. ఈ నార్తరన్ యూనియనే 1922లో రగ్బీ ఫుట్‌బాల్ లీగు అని పేరు మార్చుకొనెను.

1906లో ఆటయే మారినది. జట్టునకు 15 మంది యుండగా 13 మందిని చేసిరి. తీసివేసిన ఆ ఇరువురును ఫార్వర్డులే. మిగిలిన ఆరుగురు ఎనమండుగురి బరువు మోయవలసి వచ్చెను. మైదానమున ఎడము పెరిగినందున పరుగును హెచ్చెను. బరువున్నవానికి వేగము, వేగమున్నవానికి బరువు కావలసి వచ్చిన ఆ దినములలో క్లార్కు ప్రవేశించెను.

అతడు 1891 మే 3వ తేదీన కంబర్లండు తీరమున మేరీపోర్టు చెంతనున్న ఎల్లెన్‌బరోలో జన్మించెను. ఇంటివారిది బొగ్గు వ్యాపారము. బాల్యముననే బస్తాలు మోయుటచేత భుజములు గట్టిపడెను. ఆ సీమలో కుస్తీ ఒక ప్రత్యేకరీతిగా సాగును. ఇరువురు మల్లులును ఒకరి భుజముపై నొకరు గడ్డము మోపి, వీపు వెనుక చేతులు పెనవైచి నిలుతురు. ముందుగా నేల తాకినవాడు ఓడును. క్లార్కు ఆ విద్యలో ఆరితేరెను. పదునెనిమిదవ యేట, 1909లో, హడర్స్‌ఫీల్డు సంఘమువారు అతనిని చేర్చుకొనిరి. మరుసటి యేడు, అనగా 1910లో, మన గామా పహిల్వాను లండను వెళ్ళి జిబిస్కోతో తలపడెను. ఇంగ్లండు ప్రజలకు కుస్తీ పట్టుటన్న ఎంత మోజుండెనో ఊహించుటకు ఈ మాట చెప్పితిమి.

హడర్స్‌ఫీల్డు ఉన్ని బట్టల మిల్లుల పట్టణము. క్లార్కు చేరిన జట్టు కొలది యేండ్లలోనే ‘సకల ప్రతిభల జట్టు’ అను పేరు గడించెను. నాయకుడు హెరాల్డ్ వాగ్‌స్టాఫ్. అతడును 1891 మే నెలలోనే పుట్టినవాడు. ఆస్ట్రేలియానుండి వచ్చిన ఆల్బర్ట్ రోజెన్‌ఫెల్డు 1913-14 ఋతువులో 80 ట్రైలు చేసెను. ఒక ఋతువున అన్ని ట్రైలు చేసినవాడు నేటికిని లేడు. రోజెన్‌ఫెల్డు ఆ ఎనుబదిమార్లు గీత దాటుటకు ముందు, బంతికై పెనుగులాడి, దెబ్బలు తిని, దానిని బయటికి తెచ్చినవారిలో క్లార్కు ముఖ్యుడు. అట్టివానికి మాత్రము లెక్క లేదు. 1911-12 ఋతువున అతనిని దేశపు జట్టునకు ఎన్నుకొనిరి.

1914లో ఆ జట్టు ఆస్ట్రేలియా యాత్రకు వెడలెను. జూన్ 27వ తేదీన సిడ్నీలో మొదటి టెస్టు జరిగి, యాత్రికులు 23-5 పాయింట్లతో గెలిచిరి. మరునాడే సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగెను. ఆ వార్త యేమి తెచ్చునో మైదానమున నున్నవారికి తెలియదు. 29వ తేదీన రెండవ టెస్టున ఆస్ట్రేలియా 12-7తో గెలిచెను. మూడవది ఆలస్యముగా జరుగవలసి యుండగా, ఆస్ట్రేలియావారు జూలై 4వ తేదీకే, మరల సిడ్నీలోనే, జరుపవలెనని పట్టుబట్టిరి. ఎనిమిది దినములలో మూడు టెస్టులు! గాయపడినవారు పెక్కుమంది యుండిరి. యాత్రాధికారులు అభ్యంతరము చెప్పిరి. స్వదేశమునుండి తంతి వచ్చెను. ట్రఫాల్గరు యుద్ధమున నెల్సను పంపిన కర్తవ్యసందేశమును జ్ఞప్తిచేసి, ఆడితీరవలెనని ఆజ్ఞాపించిరి. ఆజ్ఞ వ్రాసినవారు పదివేల మైళ్ళ దూరమున కుర్చీలలో నుండిరి. ఆడవలసినవారికి ఒడలు పచ్చిపుండ్లుగా నుండెను.

ఆనాటి నియమముల ప్రకారము గాయపడినవానికి బదులు మరొకనిని దింపరాదు. ఆట మొదలైన కొలదిసేపటికే ఫ్రాంక్ విలియమ్స్ కాలు బెణికినది. క్లార్కు బొటనవ్రేలు విరిగినది. కట్టు కట్టించుకొని ఆట సాగించెను. విశ్రాంతివేళకు యాత్రికులకు 9 పాయింట్లు వచ్చినవి, ఆస్ట్రేలియాకు ఒకటియు లేదు. తిరిగి మొదలైన కొంతసేపటికి క్లార్కు క్రిందపడగా, భుజమునకును మెడకును నడుమనున్న యెముక విరిగెను. దానికిని కట్టు వేయించుకొని మరల దిగుటకు యత్నించెను, సాగలేదు. కన్నీరు కార్చుచు మైదానము విడిచెనని చెప్పుదురు. విలియమ్స్ అంతకుముందే కుంటుచు వెలుపలికి పోయెను. బిల్లీ హాల్ అను మరియొకడు తలకు దెబ్బతగిలి తెలివి తప్పగా, కొంతసేపు పదిమందియే పదుముగ్గురిని ఎదుర్కొనిరి.

ఆ స్థితిలో వాగ్‌స్టాఫ్ ఎదుటివారిని చీల్చుకొని పోయి బంతిని చిక్ జాన్సనుకు అందించెను. జాన్సను ఫార్వర్డు. ఆళ్ళు చాలనందున ఆనాడు అంచున, పరుగుగాండ్రు నిలువవలసిన చోట, నిలిచియుండెను. అతడు బంతిని నేలమీద వైచి, కాలితో తన్నుకొనుచు పోయి ట్రై చేసెను. ఆల్ఫ్ వుడ్ గోలు తన్నెను; ఆ దినమున అతనికది నాలుగవది. లెక్క 14-0 ఆయెను. కడపట ఆస్ట్రేలియావారు రెండు ట్రైలు చేసినను 14-6కు మించలేదు. ముందు వరుసవాడొకడు ఎముక విరిగి బయట కూర్చుండగా, ఇంకొక ముందు వరుసవాడు పట్టికకెక్కుట మాకు మిక్కిలి తృప్తి కలిగించిన ఘట్టము.

ఈ పందెమునకు ‘రోర్క్స్ డ్రిఫ్ట్ టెస్టు’ అని పేరు నిలిచెను. ఆంగ్లేయులు జూలూ రాజ్యముపై దండెత్తిన 1879లో, ఆ సరిహద్దునందలి రోర్క్స్ డ్రిఫ్ట్ అను చిన్న స్థావరమున సుమారు 150 మంది సైనికులు వేలకొలది జూలూలను నిలువరించిరి. దండెత్తినవారి పౌరుషమే కథలకెక్కి, ఎదిరించినవారి పౌరుషము మరుగుపడుట సామ్రాజ్యముల అలవాటు. పరపాలన చవిచూచిన మనకిది వేరుగా చెప్పనక్కరలేదు. పేరు సంగతి యెట్లున్నను, ఆడినవారి ఓర్పు మెచ్చదగినది.

సరిగా నెల దినములకు, ఆగస్టు 4వ తేదీన, బ్రిటను యుద్ధము ప్రకటించెను. ఆ 1914-15 ఋతువున పందెములు ఆగలేదు. హడర్స్‌ఫీల్డు జట్టు పోటీపడగల నాలుగు బహుమానములను గెలుచుకొనెను. యార్క్‌షైరు కప్పు చివరి పందెమున హల్ జట్టుపై 31-0, చాంపియన్‌షిప్పున లీడ్సుపై 35-2, చాలెంజి కప్పున సెయింట్ హెలెన్సుపై 37-3. ఈ చివరిదానికి ముందు సెయింట్ హెలెన్సు ఆటగాండ్రకు, వారి సంఘమునకు గెలుపు బహుమతి సొమ్మును గూర్చి తగవు వచ్చి, వారు ఆడుటయే సందేహాస్పదమయ్యెను. ఆరు షిల్లింగుల నాటి ప్రశ్న ఇరువదియేండ్లకును తీరలేదన్నమాట.

క్లార్కు సైన్యమున మోటారు రవాణాశాఖలో చేరెను. లండనుచెంత గ్రోవ్ పార్కు శిబిరమున వాగ్‌స్టాఫ్, రోజెన్‌ఫెల్డు, గ్రోనో అందరును అచటనే చేరిరి. కూలి పుచ్చుకొని ఆడినవారిని ఏనాడును తమలోనికి రానీయని రగ్బీ యూనియనువారు, సైనికులైనవారికి మాత్రము నిషేధము సడలించిరి. ఆ శిబిరపు జట్టు 1916-17లో యూనియను పద్ధతిని 26 పందెములాడి 25 గెలిచెను. పెద్దమనుష్యుల ఆటను కూలివారు వారికంటె బాగుగ ఆడిరి! యుద్ధము ముగియగనే ఆ తలుపు మరల మూసిరి.

1917లో క్లార్కు పాషెండేలు రణరంగమున లారీ నడపుచుండెను. బురదలో గుంటలు పడిన త్రోవలవెంట ఫిరంగిగుండ్లను ముందు వరుసలకు చేరవేయుట అతని పని. అక్కడ గాయపడెను; విషవాయువు పీల్చెను. అధికారులుకాని సామాన్య సైనికుల ధైర్యమునకిచ్చు మిలిటరీ మెడలును పొందెను. ఊపిరియే పెట్టుబడిగా బ్రతుకువానికి విషవాయువు తగులుట ఎట్టిదో ఊహించుకొనదగును. అతని తోటి ఫార్వర్డు ఫ్రెడ్ లాంగ్‌స్టాఫ్ 1916లో సోమ్ యుద్ధమున మరణించి తిరిగి రాలేదు.

క్లార్కు తిరిగి వచ్చి మరల ఆడెను. 1919-20 ఋతువున హడర్స్‌ఫీల్డు మూడు బహుమానములు గెలిచి నాలుగవదానికి చివరి పందెమువరకు వచ్చెను. అప్పటికి ఆస్ట్రేలియా యాత్రకై జట్టులోని ఐదుగురు ఓడయెక్కిరి. క్లార్కును వాగ్‌స్టాఫును వారిలోనివారే. మిగిలినవారు హల్ జట్టుతో 3-2 పాయింట్లతో ఓడిరి. ఆ ఐదుగురిలో ముందు వరుసవాడొక్కడున్నను ఒక్క పాయింటు తేడా నిలిచెడిదా అని హడర్స్‌ఫీల్డువారు చాలకాలము వాదులాడుకొనియుందురు. యాత్రయు అచ్చిరాలేదు, మూడు టెస్టులలో రెండు ఆస్ట్రేలియా గెలిచెను.

పాత జట్టువారి తరువాతి బ్రతుకులు చూచినచో ఆటవలన యేమి మిగిలెనో తెలియును. వాగ్‌స్టాఫ్ మద్యశాల నడపి, 1939లో, ఏబది నిండకమునుపే మరణించెను. 80 ట్రైల రోజెన్‌ఫెల్డు హడర్స్‌ఫీల్డు పురపాలకసంఘమున చెత్తబండిపై పనిచేసెను. క్లార్కు బొగ్గు వ్యాపారమును విడువలేదు, కుస్తీని విడువలేదు. కంబర్లండు పద్ధతి కుస్తీలో పేరొందిన గ్రాస్మియర్ క్రీడలలో గెలుపొందెను. 1929లో రగ్బీ మానెను. మరుసటి యేడు డిసెంబరులో ‘ఆల్ ఇన్’ అను క్రొత్త కుస్తీ ఇంగ్లండులో మొదలుకాగా, ముప్పదితొమ్మిదేండ్ల వయస్సున అందు దిగెను. అందలి పోరులెంత నిజమో, ఎంత వేడుకయో చెప్పుట కష్టము. టిక్కెట్లు కొన్నవారికి మాత్రము ఆ భుజములు నిజమైనవే. ఒకప్పుడు విషవాయువు పీల్చిన ఆ రొమ్ముతో నలుబదియేండ్లు దాటినవెనుక గూడ అతడు బరిలో నిలిచెను.

అతడు 1951 ఫిబ్రవరి 1వ తేదీన, షష్టిపూర్తికి మూడు నెలలుండగా, కన్నుమూసెను.