గుడారాలలో కాపురం: రాజధానిగా మన కర్నూలు (1953–56)

యే వూరి చరిత్ర రాసినా రాజుల పేర్లతో మొదలుపెట్టడం మనకు అలవాటు. కర్నూలుకు కూడా అంతే. విజయనగరంవారు, బిజాపూరు సుల్తానులు, పఠాను నవాబులు, 1839లో ఆఖరు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను యింగ్లీషువారు గద్దె దింపడం, యివన్నీ చెప్పి, ఆ పైన ఒక్క గంతులో 1953కు వస్తాము. "కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి తొలి రాజధాని" అని ఒక వాక్యం. పరీక్షలో ఒక మార్కు. అంతటితో ఆ అధ్యాయం అయిపోతుంది.

మేము ఆ వాక్యం లోపలికి పోవాలని యీ వ్యాసం తలపెట్టినాము. రాజధాని అంటే ముఖ్యమంత్రి, గవర్నరు, శాసనసభ మాత్రమే కాదు. ఫైళ్ళ మూటలతో పాటు బిందెలు, చాపలు, చంటిపిల్లలతో రైలు దిగిన గుమాస్తాల సంసారాలు కూడా రాజధానే. మేము పుట్టేనాటికే రాజధాని పోయి పాతికేండ్లు కావచ్చింది. కాబట్టి తేదీలు పుస్తకాల నుండి, మిగిలిన మాటలు చాలావరకు పెద్దల నోటి నుండి తీసుకున్నవి.

ముందు నాలుగు మాటల్లో సందర్భం. మద్రాసు రాజధానిలో వున్న తెలుగు జిల్లాలు విడిపోవాలనే కోరిక పాతది. విడిపోతే మా గతి యేమిటని రాయలసీమవారికి వున్న అనుమానం కూడా అంతే పాతది. ఆ అనుమానం తీర్చడానికే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి యింట్లో, అంటే శ్రీబాగ్‌లో, పెద్దలు కూర్చుని ఒడంబడిక చేసుకున్నారు. రాజధాని, హైకోర్టు రెండూ ఒక్కచోట పెట్టరాదు, రెండింటిలో యేది కావాలో కోరుకునే హక్కు రాయలసీమది అని అందులో ఒక మాట. తరువాత పదిహేనేండ్లకు, 1952 డిసెంబరు 15 రాత్రి, పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షలో ప్రాణం విడిచినారు. నాలుగు రోజులకు నెహ్రూ గారు ప్రకటన చేసినారు. మద్రాసు నగరం తెలుగువారికి రాలేదు. విజయవాడ కావాలని కొందరు, గుంటూరు కావాలని కొందరు వాదులాడినారు. చివరకు శ్రీబాగ్ మాట నిలిచి రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు పోయినాయి. హైకోర్టు మాత్రం 1954 జూలైలో గానీ అక్కడ మొదలుకాలేదు.

1953 అక్టోబరు 1న నెహ్రూ గారు కర్నూలుకు వచ్చి కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించినారు. త్రివేది గారు గవర్నరు, టంగుటూరి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రి. పదకొండు జిల్లాలు, బళ్ళారి నుండి వచ్చిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కలిసిన రాష్ట్రం అది. దాన్ని నడపవలసిన వూరు మాత్రం తుంగభద్ర, హంద్రీ నదుల నడుమ ఒదిగి వున్న ఒక జిల్లా కేంద్రం. కొండారెడ్డి బురుజు చుట్టూ నాలుగు వీధులు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ గోరీ, కె.సి. కాలువ, కలెక్టరు కచేరీ, కొన్ని బడులు, 1947లో అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హక్ గారు స్థాపించిన ఉస్మానియా కాలేజీ, యింతే వూరు. వున్న సర్కారీ కట్టడాలు ఆఫీసులకే చాలలేదు. మిగిలిన ఆఫీసులకు, మనుషులకు గుడారాలు వేసినారు. చూసినవాళ్ళు "డేరాల రాజధాని" అని ఎగతాళి చేసినారు. ఎగతాళి చేసినవాళ్ళు ఆ డేరాల్లో వండుకుని తిన్నవాళ్ళు కారు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాము. పేరు అవసరం లేదు, అట్లాంటివి వందలున్నాయి. భర్త మద్రాసు సెక్రటేరియట్‌లో కింది గుమాస్తా, వయసు ముప్పై లోపల. సొంతవూరు గుంటూరు జిల్లానో నెల్లూరు జిల్లానో. ట్రిప్లికేనులో ఒక పోర్షను అద్దెకు తీసుకుని కాపురం పెట్టి అయిదారేండ్లు. పెద్దవాడు బడిలో రెండో తరగతి, చిన్నది చంకలో. కుళాయి తిప్పితే నీళ్ళు, సాయంత్రం సముద్రపు గాలి, వీధి చివర డాక్టరు. మద్రాసులో ట్రాములు ఆ యేడు ఏప్రిల్‌లోనే నిలిచిపోయినా, కరెంటు రైళ్ళు, బస్సులు వున్నాయి. ఒకనాడు ఆర్డరు వచ్చింది. నీవు ఆంధ్రకు కేటాయించబడినావు, ఫలానా తేదీకి కర్నూలులో హాజరు కావలసింది.

సెంట్రల్ స్టేషనులో బొంబాయి వైపు పోయే బండి యెక్కితే రేణిగుంట, కడప దాటి గుంతకల్లు. అక్కడ పెద్ద రైలు దిగి మీటరుగేజి బండి యెక్కాలి. డోన్ దగ్గర మళ్ళీ పైకి తిరిగితే కర్నూలు. చంటిపిల్లతో, ట్రంకుపెట్టెతో, పచ్చడి జాడీలతో బండి మారడం యెట్లా వుంటుందో మన యిండ్లలో ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. కిటికీలో నుండి చూస్తే కొబ్బరిచెట్టు లేదు, వరిచేను లేదు. నల్లరేగడి, జొన్నచేలు, నాపరాళ్ళ గుట్టలు. "యిదేనా మన రాజధాని?" అని ఆ యిల్లాలు అడిగివుంటే తప్పు పట్టలేము.

దిగిన తరువాత మొదటి ప్రశ్న అద్దె యిల్లు. రెండవది నీళ్ళు. మూడవది బడి. ముఖ్యమంత్రి యెవరనేది యెక్కడో పదో ప్రశ్న.

యిండ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కోస్తా నుండి వచ్చినవారికి తెలిసినది పెంకుటిల్లు, తాటాకు యిల్లు. యిక్కడ పాతబస్తీలో యెక్కువ భాగం మట్టిమిద్దెలు. రాతిగోడలు, పైన దూలాలు, వాటిమీద చౌడుమన్ను పరిచిన చదును కప్పు, కింద నాపరాతి బండలు. ఎండాకాలం లోపల చల్లగా వుంటుంది. రాత్రి నిచ్చెన వేసుకుని మిద్దె మీదికి పోయి పడుకుంటారు. వాన గట్టిగా పడితే మాత్రం కారే చోట గిన్నెలు పెట్టుకోవాలి, తెల్లవారి పైకెక్కి చౌడు కప్పాలి. యీ పని తెలియక వచ్చిన కొత్తవాళ్ళకు పొరుగువాళ్ళే నేర్పినారని చెబుతారు. మన మొహల్లాలలో కూడా ముందుగది, వసారా ఖాళీ చేసి అద్దెకు యిచ్చినవాళ్ళున్నారు. లోపల పర్దా వుండే యిల్లు. వసారాకు అడ్డంగా ఒక గోనెపట్టా తెర కట్టి, యివతల ఒక సంసారం, అవతల ఒక సంసారం. యివతల దక్కనీ ఉర్దూ, అవతల కృష్ణా గుంటూరు తెలుగు. మగవాళ్ళు ఒకరి భాష ఒకరు నేర్చుకున్నారో లేదో తెలియదు గానీ, ఆడవాళ్ళు మాత్రం తెర పక్కకు జరిపి నిప్పు, మజ్జిగ, పులిసిన పిండి యిచ్చి పుచ్చుకుంటూ నేర్చుకున్నారు. కొత్తావిడ "పిన్నిగారూ" అంటే యీవిడకు నవ్వు. యీవిడ "నక్కో" అంటే ఆవిడకు అర్థం కాదు. మూడు నెలలు గడిచేసరికి ఆవిడ పిల్ల "ఖాలా" అని పిలుస్తూ తెర కిందుగా దూరి వచ్చేది.

తెలుగువాళ్ళకు తెలుగే తంటా తెచ్చింది. కోస్తా మనిషి "ఏమండీ, యిక్కడ పాలు యెక్కడ దొరుకుతాయండీ?" అని అడుగుతాడు. మనవాడు "యాడనో యేల, ఈడనే దొరుకుతాయి, పోయి తెచ్చుకోప్పా" అంటాడు. అందులో ఆదరం తప్ప మరేమీ లేదు. అయినా "అండీ" లేని మాట ఆయన చెవికి కొట్టినట్టు తగిలింది. ఆయన "అండీ" మనవాళ్ళకు దొరతనంలాగా వినిపించింది. యీ ఒక్క అక్షరం గొడవ మీద యెన్ని జగడాలు జరిగినాయో! మా అభిప్రాయంలో కోస్తా సీమల మధ్య అపార్థాలలో సగం యీ "అండీ" దగ్గర పుట్టినవే. మిగతా సగం నీళ్ళ దగ్గర.

తిండి కూడా అంతే. వరిఅన్నం తప్ప తెలియని పిల్లలు జొన్నరొట్టె చూసి మొగం తిప్పుకున్నారు. అదే పిల్లలు బొరుగుల ఉగ్గానికి, మిరపకాయ బజ్జీకి మాత్రం ఒక్క వారంలో లొంగిపోయినారు. రంజాను మాసం సాయంకాలాలు వీధిలో వచ్చే వాసనకు లొంగనివాడు కోస్తాలోనూ లేడు, సీమలోనూ లేడు.

అద్దె యిల్లు దొరకనివాళ్ళ గతి గుడారం. గుడ్డ గోడలు, మట్టి నేల. రేగడి నేల తడిస్తే చెప్పు వూడదు, యెండితే నెర్రెలు విచ్చి తేళ్ళకు నిలయం. ఏప్రిల్, మే నెలలలో కర్నూలు యెండ యెట్లాంటిదో యీ సంచిక చదివేవారికి మేము చెప్పనక్కరలేదు. గుడ్డ కింద పసిపిల్లను పడుకోబెట్టి, తడిగుడ్డ కట్టి విసిరిన తల్లులున్నారు. తరువాత తరువాత వరుసగా క్వార్టర్లు లేచినాయి. వూరికి దక్షిణాన ఆ బస్తీలకు పేర్లు పెట్టే తీరిక యెవరికీ లేకపోయింది కాబోలు, ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్నారు. పెద్దపెద్ద నాయకుల పేర్లు పెట్టిన వీధులను జనం మరిచిపోయినారు గానీ యీ మూడు అక్షరాలను మరువలేదు.

బడి సంగతి మా వృత్తికి సంబంధించినది గనుక ఒక మాట. అక్టోబరు అంటే చదువుల సంవత్సరం నడిమధ్య. మద్రాసులో అరవ బోర్డులు చదువుతూ పెరిగిన పిల్లవాడు యిక్కడ దుకాణాల మీద తెలుగు, ఉర్దూ బోర్డులు చూసినాడు. పుస్తకాలు వేరు, పంతులు వేరు, పక్కన కూర్చున్నవాడి యాస వేరు. ఉర్దూ యింటిభాషగా వున్న ఉద్యోగుల పిల్లలకు యిక్కడ ఉర్దూ బడులు దొరకడం ఒక మేలు. అయినా మద్రాసు, నెల్లూరు పిల్లల ఉర్దూ విని మన పిల్లలు నవ్వేవారట, మన దక్కనీ విని వాళ్ళు నవ్వేవారట. బడి మారిన పిల్లవాడు మొదటి నెల మాట్లాడడు. దాన్ని మొద్దుతనం అనుకునే ఉపాధ్యాయులు అప్పుడూ వున్నారు, యిప్పుడూ వున్నారు. వాడు మొద్దు కాదు. వాడు కొత్త వూరిని లోపల లోపల కొలుచుకుంటున్నాడు. యే సందు యెక్కడికి పోతుంది, యే కుక్క కరుస్తుంది, యెవరి పెరట్లో జామచెట్టు వుంది అనేది వాడికి తెలిసినంత వాడి తండ్రికి తెలియదు. కుటుంబంలో వూరిని మొదట పట్టుకునేది పిల్లలే.

యిట్లా సర్దుకుంటుండగానే పైన రాజకీయం కదిలింది. 1954 నవంబరులో మద్యనిషేధం తగవు మీద ప్రకాశం గారి మంత్రివర్గం పడిపోయింది. ఎన్నికలు జరిగి 1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయినారు. యింతలో విశాలాంధ్ర మాట ముందుకు వచ్చింది. తుంగభద్ర అవతలి ఒడ్డు అప్పటికి వేరే రాష్ట్రం. అలంపురం పోవాలంటే వంతెన దాటి హైదరాబాద్ రాష్ట్రంలో అడుగుపెట్టడమే. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం, ఆ సంవత్సరమే నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, రాజధాని హైదరాబాద్. అంటే కర్నూలు రాజధానిగా వున్నది సరిగ్గా ముప్పైయేడు నెలలు.

మన గుమాస్తా మళ్ళీ మూటలు కట్టినాడు. అప్పటికి పెద్దవాడు అయిదో తరగతి. చంకలో వచ్చిన చిన్నది బడి యీడుకు వచ్చింది, "ఏమప్పా" అని మాట్లాడుతున్నది. మూడో బిడ్డ యిక్కడే పుట్టి వుండవచ్చు, పుట్టినవూరు అని రాయవలసిన గడిలో జీవితాంతం కర్నూలు అని రాసుకున్నవాళ్ళు ఆ మూడేండ్లలో చాలామంది వుంటారు. పోయేవాళ్ళకు హైదరాబాద్ పెద్ద నగరం, తయారుగా వున్న భవనాలు, సంతోషమే. వున్నవాళ్ళ సంగతి యెవరూ అడగలేదు. అద్దె మీద ఆశతో అప్పు చేసి మిద్దె వేసుకున్నవాడు, క్యాంపు పక్కన హోటలు పెట్టుకున్నవాడు, పాలు పోసే ఆవిడ, వీళ్ళకు యే ఒప్పందంలోనూ చోటు లేదు. శ్రీబాగ్ మాట కూడా అక్కడితో చల్లబడింది. దీనిమీద రాయలసీమవారికి మనసులో వున్న బాధ న్యాయమైనదే అని మేము అనుకుంటున్నాము. అయితే ఆ బాధను వచ్చిపోయిన గుమాస్తాల మీద పెట్టుకోవడం న్యాయం కాదు. వాళ్ళు కోరి రాలేదు, కోరి పోలేదు.

మన వూరి పేరుకు ఒక పాతకథ వుంది. అలంపురం గుడి కట్టడానికి రాళ్ళు తోలుకుపోయే బండివాళ్ళు తుంగభద్ర దాటే ముందు యిక్కడ ఆగి చక్రాలకు కందెన పెట్టుకునేవారట, అందుకే కందెనవోలు. నిజమో కాదో గానీ, దారిన పోయేవాళ్ళు కాసేపు ఆగిన చోటు అనే మాట మాత్రం 1953కు బాగా అతుకుతుంది.

యిటువంటి పయనం అదే ఆఖరు కాలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 2016లో సెక్రటేరియట్ ఉద్యోగులు హైదరాబాద్ నుండి వెలగపూడికి కదిలినారు. వారానికి అయిదు రోజుల పని యిచ్చినారు. అయినా పిల్లల బడుల కోసం కుటుంబాన్ని హైదరాబాద్‌లోనే వుంచి, శుక్రవారం సాయంత్రం రైలెక్కి, సోమవారం తిరిగి వచ్చిన తండ్రులు యెందరో. పిల్లల స్థానికత మీద రాష్ట్రపతి ఉత్తర్వునే సవరించవలసి వచ్చింది. 1953లో వచ్చినవాళ్ళకు యీ వెసులుబాటు లేదు. రైలు అంత త్వరగా పోదు, జీతం రెండు కాపురాలకు చాలదు. కాబట్టి పెళ్ళాం బిడ్డలను వెంట తెచ్చుకుని గుడారంలో దిగినారు. కష్టం యెక్కువ పడినారు, కానీ వూరును యెరుగుదురు.

డాక్టర్ అబ్దుల్ హక్ గారి పేరుతో 2016లో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపులు అట్లాగే వున్నాయి. సి క్యాంపు అంటే నేటి పిల్లలకు రైతుబజారు. ఆటోవాళ్ళు ఆ పేరే కేకవేసి పిలుస్తారు. తొమ్మిదో తరగతి పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, "సార్, అక్కడ యే సైన్యం దిగింది?" అని.