మూడు నదుల మధ్య కామా

రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరిలో మంజీర, హరిద్ర కలుస్తాయి. ఈ మూడు పేర్లనూ ఇంగ్లీషులో వరసగా రాసేటప్పుడు 'అండ్' ముందు కామా పెట్టాలా, వద్దా? ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ పెట్టమంటుంది. అందుకే దానికి ఆక్స్‌ఫర్డ్ కామా అని పేరు. మన ఇంగ్లీషు పత్రికలు చాలావరకు పెట్టవు. నదుల పేర్ల దగ్గర ఏది రాసినా అర్థం చెడదు. చెడే చోట్లు వేరే ఉన్నాయి.

ఊపిరి తీసుకునే చోట కామా పెట్టమని బళ్ళో ఇప్పటికీ చెబుతుంటారు. అది రెండు వేల ఏళ్ళ కిందటి మాట. అలెగ్జాండ్రియా గ్రంథాలయాధికారి అరిస్టోఫెనీస్, పైకి చదివేవాళ్ళు ఎక్కడ ఎంతసేపు ఆగాలో తెలియడానికి చుక్కలు పెట్టాడు. ఇప్పటి తోక కామా 1490లలో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చుకూటంలో రూపు దిద్దుకుంది. అచ్చు పుస్తకాన్ని మనసులోనే చదువుకోవడం పెరిగేకొద్దీ కామా ఊపిరిని వదిలి వాక్య నిర్మాణాన్ని పట్టుకుంది. మన తాళపత్రాలకు దాని అవసరమే లేకపోయింది. 'గోదావరీ మంజీరా హరిద్రా' అని దీర్ఘం తీస్తే చాలు, తెలుగులో మాటలు కలిసిపోతాయి.

ఇంగ్లీషుకు ఆ దీర్ఘం లేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కథే తీసుకోండి. 'ద ఫ్యాక్టరీ స్టార్టెడ్ ఇన్ 1937 అండ్ స్టాప్డ్ ఇన్ 2015.' కర్త ఒకటే, క్రియలు రెండు, కామా అక్కర్లేదు. 'స్టాప్డ్' ముందు 'ఇట్' చేర్చి చూడండి. రెండో భాగానికి సొంత కర్త వచ్చింది, అది విడి వాక్యమైంది. ఇప్పుడు 'అండ్' ముందు కామా పెట్టాలి. 'బట్', 'ఆర్', 'సో'లకూ ఇదే లెక్క. రెండు వాక్యాలూ మరీ పొట్టివైతే వదిలేసినా తప్పు లేదు.

ఈ చిన్న గుర్తు కోర్టుల్లో మనుషుల గతిని తేల్చింది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 27వ సెక్షన్‌లో 'స్టాక్స్ ఆర్ ఎగ్జిబిట్స్ ఫర్ సేల్' అని ఉండేది. 'స్టాక్స్' తర్వాత కామా లేదు కాబట్టి ఆ మాటలన్నీ ఒకే ముక్క అనీ, మందు ఊరికే దగ్గరుంటే నేరం కాదు, అమ్మకానికి ఉంచుకుంటేనే నేరమనీ మన సుప్రీంకోర్టు మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో చెప్పింది. ఆ తీర్పు 1979 ఆలిండియా రిపోర్టర్‌లో అచ్చయింది.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చివర 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని రాశారు. 'ఆర్' ముందు కామా లేదు. పంపిణీ కోసం ప్యాకింగ్ చేయడమే అందులోకి వస్తుందనీ, తాము చేసేది పంపిణీ అనీ ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు వాదించారు. 2017లో అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన నిలిచింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది.

అందుకే ఇంగ్లీషు చెప్పే పంతుళ్ళకు ఒక మనవి: పిల్లలను ఊపిరి ఎక్కడ తీసుకున్నారని అడగకండి, 'అండ్' తర్వాత కర్త ఉందో లేదో చూడమనండి.