పసిఫిక్ యుద్ధం (1941–1945)

పసిఫిక్ మహాసముద్రంలోనూ, దాని అంచున ఉన్న దేశాల్లోనూ 1941 డిసెంబరు నుంచి 1945 సెప్టెంబరు దాకా సాగిన పోరును పసిఫిక్ యుద్ధం అంటారు. ఒకవైపు జపాన్, మరోవైపు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నెదర్లాండ్స్, చైనా వంటి మిత్రరాజ్యాలు నిలిచాయి. ఇది రెండో ప్రపంచ యుద్ధంలో భాగం. 1937లో మొదలైన చైనా–జపాన్ యుద్ధాన్ని కూడా ఇందులోనే కలిపి చెప్పే చరిత్రకారులు ఉన్నారు. ఉత్తరాన అల్యూషియన్ దీవులు, దక్షిణాన సాలమన్ దీవులు, తూర్పున హవాయి, పడమర బంగాళాఖాతం దాకా ఈ యుద్ధం పాకింది. ఇంత దూరాల మధ్య ఎంత పెద్ద సైన్యమైనా తిండికీ, మందుగుండుకీ, చమురుకీ ఓడల మీదే ఆధారపడాలి. చాలాచోట్ల గెలుపోటములను తేల్చింది ఆ ఓడలే. యుద్ధకథల్లో ఫిరంగుల మోతకు దక్కినంత చోటు ఈ సంగతికి దక్కలేదు.

చమురు తగాదా

జపాన్ 1931లో మంచూరియాను ఆక్రమించింది. 1937 జులై నుంచి చైనాతో పూర్తిస్థాయి యుద్ధంలో దిగి, అక్కడే కూరుకుపోయింది. 1941 జులైలో దక్షిణ ఇండోచైనాలోకి సేనలను దింపగానే అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసి, చమురు అమ్మకం ఆపేసింది. జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. చైనా నుంచి వెనక్కి రావడం ఒక దారి, డచ్చివారి పాలనలో ఉన్న సుమత్రా, బోర్నియో చమురు బావులను పట్టుకోవడం రెండో దారి. టోక్యో పాలకులు రెండోదే ఎంచుకున్నారు. ఆ దారికి పక్కలో బల్లెంలా ఉన్న అమెరికా నౌకాదళాన్ని మొదటి దెబ్బతోనే కుంటుపరచాలన్నది అడ్మిరల్ యమమోటో ఇసోరోకు పథకం.

1941 డిసెంబరు 7, ఆదివారం ఉదయం ఆరు విమానవాహక నౌకల నుంచి లేచిన సుమారు 350 విమానాలు రెండు విడతలుగా హవాయిలోని పెర్ల్ హార్బర్‌పై దాడి చేశాయి. 2,403 మంది అమెరికన్లు చనిపోయారు. వారిలో 1,177 మంది అరిజోనా అనే ఒక్క నౌకలోని వారే. అయితే దెబ్బతిన్న ఎనిమిది యుద్ధనౌకల్లో ఆరింటిని తర్వాత బాగుచేసి మళ్లీ యుద్ధానికి పంపారు. అమెరికా విమానవాహక నౌకలు ఆ రోజు రేవులో లేవు. ఒడ్డున ఉన్న పెద్ద చమురు ట్యాంకుల జోలికి దాడి చేసినవారు పోలేదు. చమురు కోసం యుద్ధానికి దిగిన దేశం శత్రువు చమురును వదిలేయడం ఈ యుద్ధంలోని పెద్ద పొరపాట్లలో ఒకటి. ఆ ట్యాంకులు తగలబడి ఉంటే అమెరికా నౌకాదళం హవాయిలో నిలవడమే కష్టమయ్యేది.

నిజానికి పెర్ల్ హార్బర్ మీద బాంబు పడటానికి గంటకు పైగా ముందే జపాన్ సేనలు మలయాలోని కోటా భారులో దిగడం మొదలైంది. ఆ తర్వాతి ఆరు నెలల్లో గువామ్, వేక్, హాంకాంగ్, మనీలా వరసగా కూలాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. అక్కడ బందీలైన సుమారు 80 వేల మందిలో దాదాపు సగం భారతీయులే. వారిలో చాలామంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివారిలో వేల మందిని జపాన్ సైన్యం న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు ఓడల్లో తరలించి కూలి పని చేయించింది. ఆకలితో, రోగాలతో వారిలో ఎందరో అక్కడే రాలిపోయారు. ఆ భారతీయ బందీల కథ మన పాఠ్యపుస్తకాల్లో దాదాపు కనిపించదు.

బంగాళాఖాతంలో

1941 డిసెంబరు 23న బర్మాలోని రంగూన్‌పై బాంబులు పడ్డాయి. తెలుగువారు రంగం అని పిలుచుకున్న ఆ నగరంలో రేవు కూలీల్లో ఎక్కువమంది ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవారే. వారు ప్రాణభయంతో చెదిరిపోవడంతో రేవులో సరుకు దించే దిక్కు లేకుండా పోయింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఓడ దొరకని లక్షలాది భారతీయులు అరకాన్ మీదుగా, మణిపూర్ కొండల మీదుగా కాలినడకన స్వదేశం దారి పట్టారు. కలరా, మలేరియా, ఆకలి ఆ దారిలో వేల మందిని పొట్టన పెట్టుకున్నాయి.

మార్చి 23న జపాన్ పోర్ట్ బ్లెయిర్‌ను ఆక్రమించింది. ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద వాహక నౌకల విమానాలు దాడి చేశాయి. అదే వారంలో మరో జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. నష్టం పెద్దది కాకపోయినా తీరమంతా హడలిపోయింది. జనం ఇళ్లకు తాళాలు వేసి లోపలి ఊళ్లకు తరలిపోయారు. జపాన్ నౌకాదళం ఆ తర్వాత ఇంత బలంతో ఇటువైపు రాలేదు. తూర్పున దానికి పెద్ద పని పడింది.

మిడ్‌వే

1942 మే మొదటి వారంలో కోరల్ సముద్రంలో జరిగిన పోరులో ఇరుపక్షాల నౌకలు ఒకదానికొకటి కంటపడనే లేదు. విమానాలే పోరాడాయి. నౌకాయుద్ధ చరిత్రలో ఇలా జరగడం అదే మొదటిసారి. ఇందులో దెబ్బతిన్న అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్‌ను పెర్ల్ హార్బర్ కార్మికులు సుమారు మూడు రోజుల్లో అతుకులేసి మళ్లీ సముద్రంలోకి పంపారు.

జపాన్ తదుపరి దాడి ఎక్కడో అమెరికా సంకేతలిపి నిపుణులు ముందే పసిగట్టారు. జపాన్ రేడియో సందేశాల్లో వినిపిస్తున్న ‘ఏఎఫ్’ అన్న గుర్తు మిడ్‌వే దీవిదేనా అని తేల్చుకోవడానికి, అక్కడ మంచినీళ్లు శుద్ధిచేసే యంత్రం చెడిపోయిందని మామూలు భాషలో ఒక దొంగ సందేశం పంపించారు. కొద్దికాలానికే ‘ఏఎఫ్‌లో నీటి కొరత’ అని జపాన్ సందేశం దొరికింది. జూన్ 4 ఉదయం పది దాటాక డైవ్ బాంబర్లు నిమిషాల వ్యవధిలో అకాగి, కాగా, సోర్యూ అనే మూడు వాహక నౌకలను నిప్పుల కుంపట్లుగా మార్చాయి. నాలుగోదైన హిర్యూకు ఆ సాయంత్రమే అదే గతి పట్టింది. అమెరికా యార్క్‌టౌన్‌ను పోగొట్టుకుంది. వాహక నౌకల్లో జపాన్‌కు ఉన్న పైచేయి ఆ ఒక్కరోజుతో పోయింది.

గ్వాడల్‌కెనాల్

సాలమన్ దీవుల్లో ఒకటైన గ్వాడల్‌కెనాల్‌లో జపాన్ విమానాశ్రయం కడుతోందని తెలిసి, 1942 ఆగస్టు 7న అమెరికా మరీన్లు అక్కడ దిగారు. రెండో రాత్రే సావో దీవి దగ్గర మిత్రరాజ్యాల నాలుగు క్రూయిజర్లను జపాన్ ముంచేసింది. దాంతో సరుకు ఓడలు సగం సామాను దించకుండానే వెళ్లిపోయాయి. ఒడ్డున మిగిలిన మరీన్లు జపాన్ సైన్యం వదిలేసి పోయిన బియ్యం వండుకుని, రోజుకు రెండు పూటలతో సరిపెట్టుకున్నారు. జపాన్ సగంలో వదిలిన రన్‌వేను పూర్తిచేసి హెండర్సన్ ఫీల్డ్ అని పేరు పెట్టారు. ఆరు నెలల పోరంతా ఆ మట్టి రన్‌వే చుట్టూనే తిరిగింది.

పగటి ఆకాశం ఆ రన్‌వే ఉన్నవారిది, రాత్రి సముద్రం జపాన్‌ది అన్నట్టుగా పరిస్థితి తయారైంది. పగలు కనిపించిన సరుకు ఓడనల్లా విమానాలు ముంచేస్తుండటంతో జపాన్ వేగంగా నడిచే డెస్ట్రాయర్లనే రాత్రిపూట సరఫరాకు వాడింది. వాటిలో సరుకు దించే సాధనాలు లేవు. అందుకని ఖాళీ చమురు పీపాలను కడిగి, తేలేందుకు వీలుగా కొంత వెలితి ఉంచి, బియ్యం పోసి మూతలు బిగించేవారు. వాటిని వరసగా తాడుకు కట్టి తీరం దగ్గర నీళ్లలో వదిలేవారు. ఒడ్డునున్న సిపాయిలు తాడు కొస అందుకుని లాక్కోవాలి. డిసెంబరు మొదటి వారంలో ఒక రాత్రి 1,500 పీపాలు వదిలితే ఒడ్డుకు చేరినవి 300 పైచిలుకు మాత్రమే. లాగే బలం కూడా సిపాయిల్లో మిగల్లేదు. మిగతా పీపాలను తెల్లారాక అమెరికా విమానాలు మరతుపాకులతో కాల్చి ముంచేశాయి.

1943 ఫిబ్రవరిలో జపాన్ తన 10 వేల పైచిలుకు సిపాయిలను మూడు రాత్రుల్లో గుట్టుగా తరలించుకుపోయింది. దీవి మీద చనిపోయిన జపాన్ సైనికుల్లో తూటాలకు బలైనవారి కంటే ఆకలికీ, మలేరియాకీ బలైనవారే ఎక్కువ. దీవి పక్కనున్న జలసంధిలో మునిగిన ఓడలు ఎన్నంటే దాన్ని ‘ఇనుప అడుగు జలసంధి’ అన్న అర్థం వచ్చే పేరుతోనే నేటికీ పిలుస్తారు.

దీవి నుంచి దీవికి

ఆ తర్వాత అమెరికా రెండు దారుల్లో ముందుకు కదిలింది. జనరల్ మెకార్థర్ న్యూగినీ మీదుగా ఫిలిప్పీన్స్ వైపు, అడ్మిరల్ నిమిట్జ్ మధ్య పసిఫిక్ మీదుగా జపాన్ వైపు నడిచారు. ప్రతి కోటనూ పట్టుకోనక్కర్లేదు, సరఫరా తెంచి వదిలేస్తే చాలన్నది ఇద్దరూ పాటించిన పద్ధతి. న్యూబ్రిటన్ దీవిలోని రబౌల్‌లో సుమారు లక్ష మంది జపాన్ సేన యుద్ధం ముగిసేదాకా కూరగాయలు పండించుకుంటూ కాలం గడపాల్సి వచ్చింది.

పట్టుకోక తప్పని దీవుల దగ్గర మాత్రం రక్తం ఏరులై పారింది. 1943 నవంబరు 20న టరావాలోని బెటియో దీవి దగ్గర పోటు అనుకున్నంత రాలేదు. పడవలు పగడపు దిబ్బ దాటలేక ఆగిపోయాయి. మరీన్లు వందల గజాల దూరం ఛాతీలోతు నీళ్లలో, ఎదురుగా మరతుపాకులు పేలుతుంటే నడిచివెళ్లారు. సుమారు మూడు కిలోమీటర్ల పొడవున్న ఆ దీవి కోసం మూడు రోజుల్లో సుమారు వెయ్యి మంది అమెరికన్లు, దాదాపు నాలుగున్నర వేల మంది రక్షకదళం చనిపోయారు. జపాన్ సైనికుల్లో ప్రాణాలతో చిక్కినవారు ఇరవై మంది లోపే.

1944 జూన్‌లో సైపాన్‌పై దాడి, దానితోపాటే జరిగిన ఫిలిప్పీన్ సముద్ర యుద్ధం జపాన్ నౌకా వైమానిక బలాన్ని తుడిచిపెట్టాయి. సైపాన్ పోయాక ప్రధాని టోజో రాజీనామా చేశాడు. అక్కడి నుంచి బీ-29 విమానాలకు టోక్యో అందుబాటులోకి వచ్చింది. అక్టోబరులో లేటే సింధుశాఖ పోరులో జపాన్ నాలుగు వాహక నౌకలను, మూడు యుద్ధనౌకలను కోల్పోయింది. విమానంతో సహా శత్రునౌకను ఢీకొనే కామికాజే దళాలు మొదలైంది కూడా అక్కడే.

అమెరికా సరఫరా ఎంత దూరం వచ్చిందో తెలియాలంటే ఉలిథి పగడపు దీవిని చూడాలి. 1944 సెప్టెంబరులో పోరు లేకుండానే చేతికొచ్చిన ఈ దీవి మడుగులో, 1945 మార్చి నాటికి 600 పైగా ఓడలు లంగరేసుకుని ఉన్నాయి. అక్కడ తేలే డ్రైడాకులు, మరమ్మతు ఓడలు, మంచినీటి ఓడలతోపాటు నావికులకు ఐస్‌క్రీం తయారుచేసే పడవ కూడా ఉండేది. నావికుల విశ్రాంతి కోసం మొగ్‌మొగ్ దీవి ప్రజలను పక్క దీవికి తరలించారు.

జలాంతర్గాములు

అమెరికా నౌకాదళ సిబ్బందిలో జలాంతర్గాముల్లో పనిచేసినవారు రెండు శాతానికి మించరు. జపాన్ పోగొట్టుకున్న వర్తక నౌకల్లో సగానికి పైగా ముంచింది వారే. అమెరికా కూడా 52 జలాంతర్గాములను కోల్పోయింది. యుద్ధం ఏ బావుల కోసం మొదలైందో ఆ బావుల చమురు జపాన్‌కు చేరడం 1945 నాటికి దాదాపు ఆగిపోయింది. విమానాల ఇంధనం కోసం పల్లె జనం పైన్ చెట్ల వేళ్లు తవ్వి తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది.

1945

ఇవో జిమా దీవిలో 20 వేల మందికి పైగా జపాన్ రక్షకదళంలో బతికి బందీలైనవారు కొన్ని వందలే. మార్చి 9 రాత్రి టోక్యోపై కురిసిన నిప్పుల బాంబులకు సుమారు లక్ష మంది పౌరులు చనిపోయారు. ఏప్రిల్ 1న మొదలైన ఒకినావా పోరు జూన్ చివరిదాకా సాగింది. గుహల్లో తలదాచుకున్న పౌరులు రెండు సైన్యాల మధ్య నలిగిపోయారు. పట్టుబడవద్దని జపాన్ సైనికులు గ్రెనేడ్లు పంచిన కుటుంబాలూ ఉన్నాయి. ఒకినావాలోని స్మారక శిలలపై ఏ దేశమన్న భేదం లేకుండా 2 లక్షల 40 వేలకు పైగా మృతుల పేర్లు చెక్కారు.

టినియన్ దీవి నుంచి ఎగిరిన విమానాలు ఆగస్టు 6న హిరోషిమాపై, 9న నాగసాకిపై అణుబాంబులు వేశాయి. సోవియట్ రష్యా కూడా జపాన్‌పై యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో మిస్సోరి నౌకపై సంతకాలు జరిగాయి. మిత్రరాజ్యాలు జపాన్‌తో చేసుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందానికి దూరంగా ఉన్న భారతదేశం 1952 జూన్‌లో జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుంది.

దీవుల ప్రజలు

ఈ యుద్ధాన్ని దీవుల ప్రజలు కోరుకోలేదు, ఎవరూ వారిని అడగనూ లేదు. నౌరు దీవి నుంచి 1,200 మందిని జపాన్ ట్రక్ దీవులకు తరలిస్తే, 1946 జనవరిలో తిరిగొచ్చినవారు 737 మంది. అదే ఏడాది మార్చిలో మార్షల్ దీవుల్లోని బికినీ నుంచి 167 మందిని అమెరికా ఖాళీ చేయించి, 1958 దాకా అక్కడ 23 అణుపరీక్షలు జరిపింది. సాలమన్ దీవుల్లో వంట కోసం పొయ్యి వెలిగిస్తే భూమిలో మిగిలిన గుండు పేలి మనుషులు చనిపోయే సంఘటనలు ఈ శతాబ్దంలోనూ జరుగుతున్నాయి. 1944 నవంబరులో ఉలిథి మడుగులో మునిగిన మిస్సిసినెవా అనే అమెరికా చమురు నౌక 2001లో కారడం మొదలై, చేపలు పట్టడమే జీవనాధారమైన అక్కడివారు వేట మానుకోవాల్సి వచ్చింది. రెండేళ్ల తర్వాత అమెరికా నౌకాదళమే వచ్చి ఆ చమురును తోడి తీసుకెళ్లింది.