ఉమ్మడి కాపురం, వేరు కాపురాలు



హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే అమ్మాయిని "ఎక్కడ చదివావమ్మా?" అని అడిగి చూడండి. "జే.ఎన్.టి.యు." అన్న జవాబు తరచు వినబడుతుంది. కూకట్‌పల్లి దాటగానే ఆ పేరుతో మెట్రో స్టేషను కూడా ఉంది. అయితే అది ఒక్క కాలేజీ పేరు కాదు సుమండీ, ఒక పెద్ద ఉమ్మడి కుటుంబపు ఇంటిపేరు!

ఈ కుటుంబంలో పెద్దలిద్దరూ 1946లో, మద్రాసు రాష్ట్రపు రోజుల్లో పుట్టారు. ఒకటి కాకినాడ ఇంజనీరింగు కాలేజీ. రెండోది అనంతపురం కాలేజీ. ఇది మద్రాసు గిండీలో మొదలై 1948లో సీమకు తరలివచ్చింది. గిండీ అనగానే మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత గుర్తుకు రావాలి. పద్దెనిమిదేళ్ళకే భర్త పోతే, చంటిబిడ్డ తల్లి అయి ఉండీ, 1940లలో అక్కడే ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి నెగ్గిందావిడ.

1965లో హైదరాబాదులో నాగార్జునసాగర్ ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. ఈ మూడింటినీ, హైదరాబాదులోని లలితకళల, వాస్తుశిల్ప కళాశాలనూ కలిపి 1972 అక్టోబరు 2న జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పాటు చేశారు. అంతకు ముందు కాకినాడ ఆంధ్రా యూనివర్సిటీ నీడన, అనంతపురం వెంకటేశ్వర యూనివర్సిటీ నీడన ఉండేవి. సాంకేతిక విద్యకంటూ సొంత ఇల్లు అప్పుడు దొరికిందన్నమాట.

1998లో సైబర్ టవర్స్ తెరిచారు. ఇంజనీరింగు చదువుకు గిరాకీ పెరిగింది, ప్రైవేటు కాలేజీలూ పెరిగాయి. ఇన్నింటికీ ఒక్క గొడుగు చాలుతుందా? 2008లో కుటుంబం నాలుగు వాటాలైంది. హైదరాబాదు, కాకినాడ, అనంతపురం వేరువేరు విశ్వవిద్యాలయాలయ్యాయి. లలితకళలకు, వాస్తుశిల్పానికి నాలుగోది. 2014లో రాష్ట్రమే రెండైంది. 2022లో కాకినాడ నుంచి విజయనగరం గురజాడ పేరుతో విడి కాపురం పెట్టింది. హైదరాబాదు వాటాకు జగిత్యాల, మంథని వంటి చోట్లా సొంత కాలేజీలున్నాయి. ఊరి పిల్లకు చదువు కొంత దగ్గరయింది.

ఈ చరిత్రతో మనకేం పని అంటారా? ఉంది. మీ అమ్మాయి సీటుకోసం నగలు తాకట్టు పెట్టే ముందు ఒక్క మాట అడగండి: ఆ కాలేజీ విశ్వవిద్యాలయం సొంతమా, అనుబంధ కాలేజీయా? పట్టా మీద విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే కావచ్చు. కానీ అనుబంధ కాలేజీలో పాఠం చెప్పే పంతుళ్ళనూ, ప్రయోగశాలనూ సమకూర్చేది దాని యాజమాన్యమే. ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేస్తామా? ఇల్లూ వాకిలీ చూడమూ? చదువూ అంతే!