కావలివాని మేర, పోలీసు సంఘం చందా



శివరాత్రికి మా పలివెల ఉమాకొప్పేశ్వరస్వామి ఆలయం వద్ద జనసమ్మర్దాన్ని అదుపు చేసే పోలీసులలో నా పాత శిష్యులు కనిపిస్తుంటారు. ఊరిని కాచేవానిని పోషించినదెవరు, అతనికే ఆపద వస్తే ఆదుకొనేదెవరు అన్న ప్రశ్న అప్పుడు మనసులో మెదలుతుంది.

పూర్వం తలారికి నెలజీతమన్నది లేదు. మాన్యపు భూమి, కళ్లంలో రైతు కొలిచి ఇచ్చే మేర, ఇవే అతని జీవనాధారం. పంట పోతే మేరా పోయేది. 1816 నాటి మద్రాసు పదకొండవ రెగ్యులేషన్ గ్రామాధికారికి పోలీసు అధికారమిచ్చి తలారిని అతని చేతిక్రింద నిలిపింది. 1859 చట్టంతో జిల్లా పోలీసు దళం ఏర్పడి జవానుకు సర్కారు జీతం దక్కింది. గ్రామోద్యోగుల పోషణకై శిస్తు రూపాయికి అణా మించకుండా పన్ను వేయవచ్చునని 1864లో మరొక చట్టం వచ్చింది. ధాన్యపు మేర క్రమంగా నాణెమైనది.

జీతమున్నా కష్టసుఖాలకు సంఘం కావలసి వచ్చింది. బ్రిటనులో 1918, 1919 సమ్మెల అనంతరం పోలీసులను కార్మిక సంఘాలలో చేరనీయక, ప్రభుత్వమే 1919లో ఒక ఫెడరేషనును ఏర్పరచింది. మన రాజ్యాంగం 19వ అధికరణంలో సంఘ స్వేచ్ఛ నిచ్చినా, రక్షక దళాల విషయంలో దానిని కుదించే అధికారాన్ని 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ బలంతోనే 1966 చట్టం వచ్చింది. అనుమతి లేనిదే పోలీసు ఏ కార్మిక సంఘంలోనూ చేరరాదు. ఢిల్లీ పోలీసు నాన్ గెజిటెడ్ ఉద్యోగుల సంఘం గుర్తింపు రద్దును సుప్రీంకోర్టు 1986లో సమర్థించింది.

దీని ఫలితం సంఘం పద్దులలో కనబడుతుంది. కార్మిక సంఘానికి చందా సమ్మెనాటి తిండిగింజ. సమ్మె హక్కు లేని పోలీసు సంఘానికి ఆ సొమ్ము తోటివానికి అందించే సాయమే. గుర్తింపు పై వారి దయ. సభ్యుల నమ్మకం మాత్రం సంఘం స్వార్జితం. ఆ నమ్మకం నిలిచేది లెక్కల పుస్తకం మీదనే.

ఉపాధ్యాయ సంఘంలో రశీదు పుస్తకం పట్టుకొని తిరిగినవాడిని కనుక చెబుతున్నాను. చందా ఇవ్వనివాని కంటె, ఇచ్చి లెక్క అడగనివాడే సంఘానికి ఎక్కువ చేటు. మేరను కళ్లంలో పదిమంది ఎదుట కొలిచేవారు. చందా లెక్కనూ అట్లే పదిమంది ఎదుట చదవాలి.